తురుష్కదేశమున ఊళ్ల పేళ్లు, ఇండ్ల పేళ్లు



నెల్లూరు సీమలో ఒక తరము క్రిందట ఎవరైన మూట గట్టుకొని రైలుకు బయలుదేరుచుండగా ఎక్కడికని అడిగినచో "పట్నానికి" అను ఒక్క మాటయే బదులుగా వచ్చెడిది. ఏ పట్నమని తిరిగి ప్రశ్నించువారు లేరు, ఏలయనగా ఆ సీమవారికి పట్నమనగా చెన్నపట్నమే. తెలంగాణపు పల్లెలలో అదే మాటకు నేటికిని హైదరాబాదని అర్థము. సరిగా ఇట్లే, వేయేండ్లకు పూర్వము బాస్ఫరసు జలసంధి చెంత నివసించిన గ్రీకు జనులు, లోకమంతయు కాన్‌స్టాంటినోపిలని కీర్తించిన మహానగరమును, ఆ దీర్ఘనామముతో పని లేక, ఊరక "పట్నము" అని వ్యవహరించెడివారు. "పట్నమునకు", "పట్నములో" అను అర్థమిచ్చు "ఇస్ తిన్ పోలిన్" అను గ్రీకు పలుకు జనుల నోట నాని నాని, తురుష్కుల నాలుకపై "ఇస్తాంబుల్" అయినదని భాషావేత్తల నిర్ణయము.

1453లో ఆ నగరము ఉస్మానీ సుల్తానుల వశమైన తరువాత సైతము వారి నాణెములపై శతాబ్దముల తరబడి "కుస్తుంతునియా" అను పేరే ముద్రింపబడుచు వచ్చెను; ఇస్తాంబుల్ అనునది వీథులలోని పేరు, పడవవాండ్ర పేరు, కూరగాయల గంప నెత్తిన బెట్టుకొని సంతకు వచ్చువారి పేరు. 1930లో తురుష్క గణతంత్ర ప్రభుత్వము, ఇకపై ఉత్తరములపై ఈ పేరే వ్రాయవలెనని లోకమునందలి తపాలా శాఖలను కోరినపుడు, క్రొత్తగా ఒక పేరును సృష్టించినది కాదు. జనులు వందల యేండ్లుగా పలుకుచున్న పేరుపై ముద్ర వేసినది. జనుల నోట అరిగి రూపుదిద్దుకొన్న పేరునకును, కార్యాలయమున కలముతో కల్పించిన పేరునకును గల ఈ భేదమును శ్రోతలు మనసున నుంచుకొనవలెనని నా ప్రార్థన.

1071లో మలాజ్‌గిర్ద్ యుద్ధమున బైజాంటియను చక్రవర్తి ఓడిన పిమ్మట, మధ్యాసియానుండి గుఱ్ఱములను గొఱ్ఱెలను తోలుకొని వచ్చిన తురుష్క తెగలు అనతోలియా పీఠభూమిపై గుంపులు గుంపులుగా స్థిరపడినవి. వారు చేరునప్పటికే ఆ నేల వేలయేండ్ల నాగరకత గలది. దానిపై నున్న ఊళ్లకు హిట్టైటులు, గ్రీకులు, రోమనులు, ఆర్మీనియనులు పెట్టిన పేళ్లుండెను. వచ్చినవారు ఆ పేళ్లను తుడిచివేయలేదు. తమ నోటికి అనువుగ మలచుకొనిరి. రోమను చక్రవర్తి సీజరు పేరిట వెలసిన సిజేరియా నేటి కైసెరి. హేడ్రియను చక్రవర్తి పేరు గల హేడ్రియనోపిలు ఎదిర్నె యైనది. ఇకోనియము కోన్యా యైనది. "బల్ల" అను అర్థము గల ట్రాపెజూస్ త్రాబ్‌జోన్ ఐనది. అగస్టసు బిరుదమునకు గ్రీకు రూపమైన సెబాస్తోస్ అను పదమును గర్భమున దాల్చిన సెబాస్తియా, అరిగి యరిగి, రెండక్షరముల సివాస్ గా మిగిలినది. స్మిర్నా ఇజ్మీర్ ఐన విధము మనకు మఱింత పరిచితము. పదాదియందు సకారపు సంయుక్తాక్షరమును తురుష్కుల నాలుక సులభముగ సహింపదు; తఱచు ముందొక అచ్చును చేర్చుకొని పలుకును. మన పల్లెలలో స్కూలును "ఇస్కూలు" అనియు, స్టేషనును "ఇస్టేషను" అనియు పలుకు వృద్ధులను ఎఱిగినవారికి ఇజ్మీరు పుట్టుక విప్పి చెప్పనక్కఱలేదు.

ఒక భాష మఱియొక భాషకు చేయదగిన గౌరవములలో ఇంతకు మించినది లేదని నేను తలంతును. చక్రవర్తులు పోయిరి, సామ్రాజ్యములు పోయినవి, ఆ పేళ్లను పెట్టిన భాషలలో కొన్నింటిని మాటాడువారే నేడు లేరు. ఐనను కైసెరి సంతలో ఎండబెట్టిన మాంసము బేరమాడు వర్తకుడు తాను ఎఱుగకయే సీజరు నామమును ఉచ్చరించుచున్నాడు.

ఇక తురుష్కులు తమంతట తాము పెట్టుకొన్న పేళ్లు చూచితిమా, అవి మన తెలుగు ఊళ్ల పేళ్లవలె కంటికి కనబడినదానిని కనబడినట్లు చెప్పునవి. "కరా" అనగా నలుపు, "అక్" అనగా తెలుపు, "కిజిల్" అనగా ఎఱుపు, "యెషిల్" అనగా పచ్చన. కొండకు "దాగ్" అని వ్రాసి, చివరి గకారమును మెత్తగా మ్రింగి, "దా" అని పలుకుదురు. కరాదాగ్ అనగా నల్లకొండ, అనగా మన నల్లగొండయే. గ్రీకులు హాలిస్ అని పిలిచిన నది ఎఱ్ఱమట్టిని కలుపుకొని ప్రవహించును గనుక కిజిల్-ఇర్మాక్, అనగా ఎఱ్ఱయేఱు, ఐనది. ఎస్కిషెహిర్ అనగా పాతపట్నము. శ్రీకాకుళము జిల్లాలో మనకును ఒక పాతపట్నము గలదు. దూదివలె తెల్లని సున్నపురాతి మెట్లపైనుండి వేడినీరు జాలువాఱు చోటికి పముక్కలె, అనగా ప్రత్తికోట, అని పేరు. అఫ్యోన్-కరాహిసార్ అనగా నల్లమందు పండు నల్లకోట. నల్లసముద్రపు తీరమున "ఒర్దు" అను పట్టణమొకటి గలదు. ఆ మాటకు సేన, సేనలు విడిసిన చోటు అని అర్థము. ఆ శబ్దమే మధ్యాసియానుండి ఢిల్లీకి వచ్చి, శిబిరమునందలి భాషకు పేరై, "ఉర్దూ" యని హైదరాబాదు వీథులలో నేటికిని వినబడుచున్నది.

గోలకొండకును ఈ నలుపు రంగుతో ఒక సంబంధము గలదు. కుతుబ్‌షాహీ వంశస్థాపకుడైన సుల్తాన్ కులీ పారశీకదేశమందలి హమదాను ప్రాంతమునుండి దక్కనుకు వచ్చినవాడు. అతని పూర్వులు "కరా కోయున్లు" అను తుర్కుమాను తెగవారు. కోయున్ అనగా గొఱ్ఱె, "లు" అను ప్రత్యయమునకు "కలవారు" అని అర్థము. కావున కరా కోయున్లు అనగా నల్లగొఱ్ఱెలవారు. తెలుగు కవులను ఆదరించి తెలుగున మల్కిభరాముడని పిలిపించుకొన్న ఇబ్రహీం కుతుబ్‌షా ఇంటిపేరును వెదకుకొని పోయినచో, దూరపు గడ్డిమైదానములలో మందను కాయు కాపరుల పిలుపు వినబడుట నా మనసున కెంతయు ప్రియమైన విషయము.

భాషాస్వభావమునుగూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది, ఏలయనగా తురుష్క వ్యాకరణమును తొలిసారి తెఱచిన తెలుగువానికి పరదేశమున మేనత్త కొడుకును చూచినట్లుండును. ఆ భాషయందు క్రియ వాక్యాంతమున వచ్చును. విభక్తులు పదముల వెనుక చేరును. ధాతువునకు ప్రత్యయముపై ప్రత్యయము తగిలించుచు ఒక్క పదమునే ఒక వాక్యమంత చేయవచ్చును. "ఎవ్" అనగా ఇల్లు, "ఎవ్లెర్" ఇండ్లు, "ఎవ్లెరిమిజ్" మా యిండ్లు, "ఎవ్లెరిమిజ్‌దె" మా యిండ్లలో. ఇల్లు అను పదమున నాలుక ముందరి భాగమున పలుకు ఎకారము గలదు గనుక బహువచన ప్రత్యయము "లెర్" అయినది. గుఱ్ఱమునకు "అత్" అను మాటలో అకారము గలదు గనుక "అత్లర్" అగును. పదమునందలి అచ్చునకు తోడైన అచ్చునే ప్రత్యయము ధరించు ఈ నియమమును మనము వింతగా చూడనక్కఱలేదు. "హరికి" అని ఇకారము పిమ్మట "కి"యు, "గురువునకు" అని మఱియొకచో "కు"వును వాడు తెలుగువాడు, "పిల్లి" యొకటైనపుడు ఇకారమును, "పిల్లులు" అనేకములైనపుడు ఉకారమును పలుకు తెలుగువాడు, ఆ స్వరమైత్రిని ఎఱుగనివాడు కాడు.

అంతకంటెను నన్ను ముగ్ధుని జేసినది వారి "మిష్" ప్రత్యయము. కన్నులార చూచి చెప్పునపుడు "గెల్ది", వచ్చెను, అందురు. ఇతరులు చెప్పగా వినియో, ఆనవాళ్లను బట్టి ఊహించియో చెప్పునపుడు "గెల్‌మిష్" అందురు. మన "వచ్చెనట" యందలి టకారము చేయు పనిని దాదాపుగ ఆ "మిష్" చేయును. వారి అవ్వలు పిల్లలకు కథ చెప్ప మొదలిడునపుడు ఒకటుండెనట, ఒకటి లేదట యని ఈ "మిష్" తోనే ఎత్తుకొందురు. ఇంకను, మనము "వచ్చుచున్నాడని" యనుచో వెనుక తగిలించు "అని" శబ్దము "అను" ధాతువునుండి పుట్టినట్లే, వారి "దియె" శబ్దము "అనుట" యను అర్థముగల ధాతువునుండి పుట్టి ఆ పనినే చేయును. మనము "పుస్తకం గిస్తకం" అనుచోట వారు "కితాప్ మితాప్" అందురు. 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన కాల్డ్‌వెల్, ఇట్టి సామ్యములను జూచియే, మన భాషలకును తురుష్కాది భాషలకును చుట్టరికము గలదని తలంచెను. నేటి పండితులు ఆ చుట్టరికము నంగీకరింపరు. సామ్యములు మాత్రము ఎవరి యంగీకారముతోను పని లేక అట్లే నిలిచియున్నవి.

ఇక ఇంటిపేళ్ల కథ. మనకు ఇంటిపేరు తాతముత్తాతలనాటిది. అది ఊరి పేరో, వృత్తియో, ఏనాటి పెద్దదో యొక గుర్తో యై పేరునకు ముందు నడచును. తురుష్కులలో నూఱేండ్ల క్రిందటి వఱకు సామాన్యజనులలో పెక్కుమందికి ఇంటిపేరనునది స్థిరముగ లేదు. అహ్మదు కొడుకు మెహమెతు, కుంటి ఉస్మాను, కమ్మరి అలీ, ఇట్లు పిలుపులు నడచెడివి. సైన్యమున చేర్చుకొనుటకు, పన్ను వసూలు చేయుటకు, బడిలో హాజరు పిలుచుటకు ఇది చిక్కైనదని యెంచి, 1934 జూను 21న ఆ దేశపు మహాజనసభ ఇంటిపేళ్ల చట్టమును ఆమోదించెను. అది 1935 జనవరి 2న అమలులోనికి వచ్చెను. ప్రతి కుటుంబమును గడువులోపల ఒక పేరు నెన్నుకొని దస్త్రములలో వ్రాయించుకొనవలెను. ఎన్నుకొను హక్కు గృహయజమానుడైన భర్తదిగ నుండెను. పదవులను, తెగలను, పరజాతులను తెలుపు పేళ్లు కూడవు. 1934లోనే పాషా, బే, ఎఫెంది యను బిరుదములను సైతము రద్దుచేసిరి.

తురుష్క గణతంత్ర స్థాపకుడైన ముస్తఫా కెమాలునకు 1934 నవంబరు 24న మహాజనసభ "అతాతుర్క్" అను పేరును ప్రత్యేక చట్టముచే నొసంగెను. తురుష్కుల తండ్రి యని దాని భావము, మఱియెవ్వరును దానిని ధరింపరాదు. ఆయన తోడబుట్టిన మక్బూలె సైతము "అతాదన్", అనగా తండ్రినుండి యను అర్థము గల వేఱొక పేరు పెట్టుకొనెను. కెమాలు సహచరుడైన ఇస్మెత్ పాషా తాను 1921లో గ్రీకుసేనల నెదిర్చి నిలిచిన రణభూమియైన ఇనోను గ్రామమునే ఇంటిపేరుగ గ్రహించెను. కెమాలు పెంపుడుకూతురైన సబీహాకు ఆకాశ సంబంధమైన "గోక్‌చెన్" అను పేరు లభించునప్పటికి ఆమె యింకను విమానము నడుపుట నేర్వలేదు. తరువాత ఆ విద్యను నేర్చి యుద్ధవిమానమును నడిపిన స్త్రీలలో మొదటివారిలో నొకతె యయ్యెను. 1935లో ఢిల్లీకి వచ్చి జామియా మిల్లియాలో ఉపన్యసించిన ప్రసిద్ధ రచయిత్రి హాలిదె ఎదీబు ఇంటిపేరు "అదివార్": అద్ అనగా పేరు, వార్ అనగా ఉన్నది, వానికి పేరున్నది యను ఒక సంపూర్ణ వాక్యమే ఆమె ఇంటిపేరైనది.

సామాన్యులు ఏ పేళ్లు కోరుకొనిరో చూచినచో ఆనాటి జనుల హృదయమే తెలియుచున్నది. దెమిర్ అనగా ఇనుము, చెలిక్ ఉక్కు, కాయా బండ, షాహిన్ డేగ, కుర్త్ తోడేలు, అర్స్లాన్ సింహము, యిల్దిరిమ్ పిడుగు. బహుళప్రచారమున నున్న "యిల్‌మాజ్" అనునది నామపదమే కాదు, క్రియ: బెదరడు అని దాని యర్థము. కోర్క్‌మాజ్ భయపడడు, దోన్‌మెజ్ వెనుదిరుగడు, సోన్‌మెజ్ ఆఱిపోడు. బాల్కను యుద్ధమునుండి స్వాతంత్ర్య సమరము వఱకు పదియేండ్లు ఎడతెగని యుద్ధములలో కొడుకులను, పొలములను, సగము సామ్రాజ్యమును పోగొట్టుకొన్న ప్రజలు, దస్త్రము ముందు నిలువబడి, మాకు "బెదరడు" అని వ్రాయుడు, "ఆఱిపోడు" అని వ్రాయుడు అని కోరిన దృశ్యమును తలంచుకొన్నపుడెల్ల నాకు కన్నులు చెమర్చును. వృత్తులవారు దెమిర్‌జి, కమ్మరి, అనియో, కుయుమ్‌జు, కంసాలి, అనియో నిలిచిరి. మన ఖజాంచి, బావర్చి యను పదముల చివరనున్న "చి" ఈ తురుష్క ప్రత్యయమే.

కాని అందఱికిని ఈ చట్టము సంతోషము కాలేదు. పేరు చివర "యాన్", "పులోస్", "ఓఫ్" వంటి అన్యజాతి ప్రత్యయములను క్రొత్త నిబంధనలు నిషేధించినవి. ఆర్మీనియను, గ్రీకు కుటుంబములు పెక్కు తమ తాతలనాటి చివరి అక్షరములను కత్తిరించుకొనవలసివచ్చెను. అయినను, తురుష్క భాషాసంఘమున ముఖ్యనిపుణుడై క్రొత్త తురుష్కమును తీర్చిదిద్దుటకు జీవితము ధారవోసిన హాగోపు మర్తాయను అను పండితుడు ఆర్మీనియనే; ఆయనకు కెమాలు "దిలాచార్", అనగా నాలుకను తెఱచువాడు, అని పేరిడెను.

నాలుకను తెఱచుట యను ఆ మాట ఆ కాలమునకు మిక్కిలి తగినది. 1928 నవంబరు 1న అరబ్బీ లిపిని విడిచి 29 అక్షరముల లాటిన్ లిపిని చట్టముచే స్వీకరించిరి. తురుష్కమునందలి ఎనిమిది అచ్చులకును అరబ్బీ లిపిలో తగిన గుర్తులు లేవు గనుక, చదువురాని జనులకు ఇది నిశ్చయముగ ఉపకారమైనది. 1932లో భాషాసంఘము నెలకొల్పబడి అరబ్బీ, పారశీక పదములను ఏఱివేయుటకు పూనుకొనెను. బడిని "మెక్తెప్" అనుట మాని "ఓకుల్" అనిరి. గురువు "ముఅల్లిమ్" కాక "ఓరెత్‌మెన్" అయ్యెను. విమానము "తయ్యారె"నుండి "ఉచక్", అనగా ఎగురునది, అయ్యెను. ఈ మాటలు చక్కనివి, నేడు పసిబిడ్డలు కూడ ఎఱుగుదురు. కాని జవాబు, కితాబు, దునియా, కలము, దుకాణము అని మనము తెలుగున వాడుకొను మాటలే అచ్చటను "జెవాప్, కితాప్, దున్యా, కలెమ్, దుక్క్యాన్" అని నిలిచి జనుల నోట నేటికిని మెలగుచున్నవి. ఏ సంఘమును వానిని కదల్ప లేకపోయెను. 1927 అక్టోబరులో ఆఱు దినములపాటు, ముప్పదియాఱు గంటలు, కెమాలు చేసిన మహోపన్యాసము నేటి తురుష్క యువకునకు అతని సొంతభాషలోనికే అనువదించి గాని అర్థము కాదు. జాతిపితయే తన మనుమల నాటికి పరభాషాకవి వలె దూరమైనాడనుట నాకు దుఃఖకరముగ తోచుచున్నది. ఇంకొక మాట: ఆ 29 అక్షరములలో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అనునవి లేనందున, 2013 వఱకు కుర్దు తల్లిదండ్రులు తమ బిడ్డలకు ఆ అక్షరములు గల పేళ్లను దస్త్రములలో వ్రాయించుకొన వీలులేకుండెను.

ఇట్లు కలమునకు అలవాటుపడిన చేయి ఊళ్లమీదికిని పోయెను. 1935లో దెర్సిమ్ అను కొండసీమకు చట్టముచే తుంజెలి యని పేరుమార్చిరి. 1937, 38 సంవత్సరములలో ఆ సీమపై జరిగిన సైనికచర్యలో వేలకొలది జనులు హతులైరి. వారి సంతతివారు నేటికిని తమది దెర్సిమ్ అనియే చెప్పుకొందురు. 1950ల చివరిభాగమునుండి ఒక ప్రత్యేక సంఘము పనిచేసి, ఆర్మీనియను, గ్రీకు, కుర్దు, జార్జియను, అరబ్బీ పేళ్లు గల గ్రామములను వెదకివెదకి, సుమారు 12,000 పల్లెలకు తురుష్క నామములు పెట్టెను. వాన్ సరస్సునడుమ 10వ శతాబ్దపు ఆర్మీనియను చర్చి వెలసిన అఖ్తమార్ ద్వీపము, రెండక్షరములు సవరింపబడి, "తెల్లనరము" అను అర్థమిచ్చు అక్దామార్ అయినది. చెవికి దగ్గఱగనే యున్నది. కాని కైసెరి అయిన తీరు ఇది కాదు. అచ్చట నోరు అరగదీసినది, ఇచ్చట చేయి చెక్కివేసినది.

2022లో ఆ దేశము, తన బిడ్డలు తన్ను పిలుచునట్లే లోకమును పిలువవలెనని కోరి, ఐక్యరాజ్యసమితిచే "తుర్కియే" అను రూపమును అంగీకరింపజేసికొన్నది. న్యాయమైన కోరిక. ఆ న్యాయమే ఆ దేశపు ప్రతి చిన్న పల్లెకును చెల్లవలెనని నేను మనసార నమ్ముచున్నాను. చెల్లిన తావులును ఒకటిరెండు లేకపోలేదు. ఆగ్నేయమున సియిర్త్ మండలమందు తిల్లో అను చిన్న పట్టణము గలదు. 18వ శతాబ్దమున ఇబ్రహీం హక్కీ అను మహావిద్వాంసుడు ఆ యూర గురుసేవ చేసి, గురువు సమాధిపై వసంతవిషువమునాడు తొలి సూర్యకిరణము పడునట్లు కట్టడమును కూర్చెనని ప్రసిద్ధి. అట్టి యూరికి అధికారులు "ఐదిన్లర్", అనగా ప్రకాశవంతులు, విజ్ఞులు, అని క్రొత్తపేరు పెట్టిరి. అర్థమును జూచినచో ఆ యూరికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. అయినను జనులు తిల్లో అనియే పిలుచుచు వచ్చిరి. 2013లో ప్రభుత్వము ఐదిన్లర్ అను పేరును తొలగించి, తిల్లో అను పేరును తిరిగి దస్త్రములలో వ్రాసినది.